పదకొండు పంక్తుల చుట్టరికం

మా సొసైటీ తెలుగు సంఘం రెండేళ్ళ కిందట వేసిన ఉగాది సంచికలో "విశ్వభాషలకు పుట్టినిల్లు మన తెలుగు" అనే వ్యాసం ఉంది. దాని కింద ఒక టీచరుగారి పేరుంది. అందులో చివరి పదకొండు పంక్తులు ఆవిడ రాసినవి కావు. ఆ శీర్షికా ఆవిడది కాదు. రెండూ నేను రాశాను. ఆవిడ నా ఎదురుగా నిలబడి అడిగిన రోజే ఈ మాట చెప్పేసి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. చెప్పకపోవడానికి రెండేళ్ళు పట్టింది.

నేను కేంద్ర ప్రభుత్వంలో ఒక మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీని. వయసు యాభై రెండు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో నాలుగో అంతస్తులో ఫ్లాటు. సంఘానికి కార్యదర్శిని, సంచికకు సంపాదకుణ్ణి. ఈ పదవులు నన్ను వెతుక్కుంటూ వచ్చాయని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆనాటి మీటింగుకు వచ్చింది ఐదుగురం. ఓటింగు సమయానికి అందులో ఇద్దరు కిందికి దిగి పార్కింగు గురించి పోట్లాడుకుంటున్నారు.

టీచరుగారిది వరంగల్ వైపు. పెళ్ళికి ముందు భాషాశాస్త్రంలో ఎమ్మే చేసి, పరిశోధన మొదలుపెట్టి, భర్తకు ఢిల్లీ బదిలీ కావడంతో మధ్యలో వదిలేశారు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు, మూడు ప్రభుత్వ క్వార్టర్లు, చివరికి మా పక్క టవర్లో ఫ్లాటు. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళిపోయాక ఆవిడ ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లోని టేబుల్ టెన్నిస్ గదిలో తెలుగు క్లాసు పెట్టారు. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం హిందీలో వస్తుంది. వాళ్ళ చేత తెలుగు మాట్లాడించడానికి మిగతా తల్లిదండ్రులం బెదిరింపులూ ఐస్‌క్రీములూ వాడి ఓడిపోయాం. ఆవిడ టేబుల్ టెన్నిస్ బల్లను వాడారు.

బల్ల మధ్యలో నెట్టు. ఇటువైపు తెలుగు మాట రాసిన చీటీ పెట్టాలి. అటువైపు, లోకంలో ఏ మూలదైనా సరే, అలాగే వినిపించే ఇంకో భాష మాట పెట్టాలి. ఆ రెండూ చుట్టాలా కాదా అన్నది ఆట. మా అమ్మాయిని తీసుకుపోవడానికని వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నేనూ చాలా ఆదివారాలు చూశాను.

ఒకరోజు ఒక పిల్ల ఎగురుకుంటూ వచ్చింది.

"ఆంటీ, గ్రీక్ మే భీ పానీ కో నెరో బోల్తే హైఁ! మన నీరు!"

"అబ్బ, మంచిగ దొరికింది. మరి చుట్టాలా?"

"హాఁ!" అని గదంతా అరిచింది. గుమ్మంలో నేనూ మనసులో హాఁ అన్నాను.

"కాదు," అన్నారావిడ. "గ్రీకు వాళ్ళకు నీళ్ళకు వేరే మాట ఉండె. తాజా నీళ్ళు కావాలంటే 'తాజా' అన్న మాట ముందు పెట్టి అడిగేటోళ్ళు. అడగంగ అడగంగ నీళ్ళ మాట జారిపోయింది, తాజా మాట మిగిలింది. అదే అరిగి అరిగి నెరో అయింది. మన నీరు మొదటిసంది నీరే. రెండు తొవ్వలు, వేరే వేరే ఊర్ల నుంచి వచ్చి, ఒక్క చౌరస్తాల కలిసినయి. గంతే."

ఆస్ట్రేలియాలో ఒక ఆదివాసీ భాషలో కుక్కను డాగ్ అనే అంటారట. ఇంగ్లీషువాళ్ళు ఓడ దిగకముందు నుంచే. వాళ్ళ పాత మాట గుడగ లాంటిదేదో ముందూ వెనకా అరిగిపోయి డాగ్‌గా మిగిలింది. ఢిల్లీలో రోజుకు నాలుగుసార్లు వినే తిట్టు బద్‌తమీజ్‌లోని 'బద్' పారసీ నుంచి వచ్చింది. చెడ్డ అనే అర్థం, ఇంగ్లీషు బ్యాడ్‌దీ అదే అర్థం, రోమన్ లిపిలో రాస్తే అక్షరం తేడా లేదు. అయినా ఒకదాని గడప ఒకటి తొక్కలేదు. మన తువాలు, హిందీ తౌలియా మాత్రం నిజంగానే బంధువులు. రెండూ పోర్చుగీసు ఓడల్లో దిగాయి. కాకిని చాలా భాషల్లో క తో పిలుస్తారంటే అది భాషల ప్రతిభ కాదు, కాకి తన పేరు తానే అరుస్తుంది. జార్జియా దేశంలో మామ అంటే నాన్న అని చెప్పిన రోజు పిల్లలు బల్ల కిందికి దొర్లారు.

"తో మామా కో క్యా బోల్తే హైఁ, ఆంటీ?"

"అది నువ్వు నేర్చుకొని నాకు చెప్పు. చూడున్రి, చంటిపిల్లల నోటికి ముందుగాల వచ్చేటివి మ, ప, బ, న. పిల్ల 'మామ' అనంగనే దగ్గరున్నోళ్ళు నన్నే పిలిచింది అనుకుంటరు. అక్కడ తండ్రి జర ముందుగాల ఉరికినట్టున్నడు."

మా ఇంట్లో 'పాప' అంటే మా అమ్మాయి. అదే మాటను మా అమ్మాయి కొంచెం సాగదీసి అంటే నేను. పదిహేనేళ్ళుగా ఈ గందరగోళంలో బతుకుతూ కూడా ఎందుకిలా అని ఒక్కసారీ ఆలోచించని మనిషిని నేను. నాకు ఆవిడ ఆ రోజు చెప్పిన ఒక ఉదాహరణతో విషయం మొత్తం బోధపడింది. సాక్షాత్తూ నా ఫ్లాటు మీదే చెప్పారు మరి.

"మీ టవర్ల 402 ఉందా?" అని మా అమ్మాయిని అడిగారు.

"హమారా హీ హై."

"పక్క టవర్ల?"

"ఉధర్ భీ హై."

"నంబరు ఒకటే కదా. రెండిండ్లోళ్ళు చుట్టాలా?"

"నహీఁ ఆంటీ! హమ్ తో లడ్తే హైఁ. పార్సల్ కే లియే."

గదిలో అందరూ గుమ్మం వైపు తిరిగి నన్ను చూసి నవ్వారు. పక్క టవర్ 402 వాళ్ళ మిక్సీ జారు పొరపాటున మా ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉన్నమాట నిజం. మా ఆవిడ పుట్టింటి ఆవకాయ వాళ్ళింట్లో ఉన్న రోజులు నేను లెక్కపెట్టలేదు, ఎందుకంటే అది తిరిగి రాలేదు.

"నంబర్లు తక్కువ, ఇండ్లు ఎక్కువ," అన్నారావిడ. "అందుకే ఒకే నంబరు మల్ల మల్ల వస్తది. మనిషి నోరు చేసే చప్పుళ్ళు గూడ కొన్నే. చెప్పుకోవాల్సినయి మస్తు. ఏదో ఒక మాట పోయి ఇంకో దేశం మాట లెక్కనే నిలబడుతది. ఒక్కటి గూడ కలవకపోతెనే ఆశ్చర్యపోవాలె."

ఉగాది సంచికకు ఈ విషయమే రాసివ్వమని నేనే అడిగాను. పదిరోజుల్లో ఎనిమిది పేజీలు చేతిరాతతో ఇచ్చారు. శీర్షిక "పోలిక ఉంది, చుట్టరికం లేదు". ఎనిమిదో పేజీలో ఆవిడ చెప్పింది ఇది: పోలిక కనబడగానే చుట్టరికం కలిపేసుకోవడం సుఖంగా ఉంటుంది, కాని ఆ సుఖం కోసం సాక్ష్యాన్ని వదులుకోకూడదు. కాగితాలు ఇస్తూ ఒక్క మాటన్నారు.

"సార్, మార్చాలనిపిస్తె మార్చున్రి. గాని నాకు చూపెట్టి మార్చున్రి."

"అయ్యో మేడమ్, మీ రాతలో నేను వేలు పెడతానా?"

వేలు పెట్టలేదు. చెయ్యి మొత్తం పెట్టాను.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. సాకుగా కాదు. అది తెలియకపోతే ఒక మనిషి ఇంత సులువుగా ఇంత పని ఎలా చేశాడో అర్థం కాదు. మా దగ్గర ఒక వాక్యం రాసేవాడు ఒకడు, దాన్ని 'బాగుచేసే'వాడు ఇంకొకడు, కింద సంతకం పెట్టేవాడు మూడోవాడు. అసిస్టెంటు డ్రాఫ్టు పెడతాడు. నేను దాని నడుము విరిచి కొత్త నడుము పెడతాను. పై అధికారి నా నడుము తీసేసి పాతదే పెడతారు. చివరికి అది మంత్రిగారి నోట పార్లమెంటులో పలుకుతుంది. నా వాక్యం ఏమైందని ఎవరూ అడగరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒకసారి అడిగాను. సెక్షన్ మొత్తం టీ తాగుతూ నవ్వింది. ఇరవై ఆరేళ్ళు ఇలా గడిపిన చేతికి, కాగితం కింద పేరున్న మనిషి ఆ కాగితంలోని మాటలకు యజమాని అని గుర్తుండదు. టీచరుగారి వ్యాసం నా కంటికి డ్రాఫ్టులాగే కనబడింది.

డ్రాఫ్టు ఉన్నప్పుడు, అది ఎవరికి నచ్చాలన్నది కూడా ఉంటుంది. ఆ ఏడాది ముఖ్య అతిథి మా శాఖలోనే జాయింట్ సెక్రటరీ, తెలుగువారు. నా పనికి మార్కులు వేసే వార్షిక రిపోర్టు ఆయన బల్ల మీదుగానే పోతుంది. ప్రపంచంలో ప్రతి మాటా తెలుగు నుంచే పుట్టిందని ఆయనకు గట్టి నమ్మకం. ఒకసారి లిఫ్టులో నాలుగంతస్తులు దిగేలోపు రోము నగరాన్ని రామాపురంగా మార్చి చూపించారు. నేను "అద్భుతం సార్" అన్నాను. ఆ మాట ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం కష్టం. అప్పట్నుంచీ ఆయన నన్ను భాషాభిమాని అనుకున్నారు.

కాబట్టి టీచరుగారి ఎనిమిదో పేజీ తీసేసి, ఆ స్థానంలో పదకొండు పంక్తులు పెట్టాను. నీరు అనే మాటను గ్రీకు వర్తకులు గోదావరి రేవుల్లో విని, పీపాల్లో నీళ్ళతో పాటు పట్టుకెళ్ళారని రాశాను. జపాను వాళ్ళు తోడబుట్టిన పెద్దవాణ్ణి 'అని' అంటారంటే ఆ అని మన అన్నే అని రాశాను. "ఇన్ని పోలికలు యాదృచ్ఛికమని చెప్పేవారు తల్లిని చూసి పరాయిదనేవారే" అని ముగించాను. ఆ వాక్యం రాశాక కాసేపు దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

మొత్తం సంచిక నేనే టైపు చేసి, బేర్ సరాయ్‌లో విద్యార్థుల థీసిస్‌లు అచ్చువేసి బైండింగ్ చేసే దుకాణానికి మెయిల్లో పంపాను. దుకాణాయన నా వయసువాడు, మీరట్ మనిషి. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మన లిపిని జిలేబీ అంటాడు. "సర్‌జీ, ఆప్‌కీ జలేబీ తయార్ హై," అని ఫోన్ చేస్తే సంచిక సిద్ధమని అర్థం.

ఉగాది సభలో జాయింట్ సెక్రటరీగారు ఆ పదకొండు పంక్తులూ మైకులో చదివారు. "నేను అంటే నవ్వుతారు. ఇదిగో, భాషాశాస్త్రం చదివిన పండితురాలే రాశారు!" అని సంచిక పైకెత్తి చూపించారు. చప్పట్లు. టీచరుగారు మూడో వరసలో పిల్లల మధ్య కూర్చున్నారు. పిల్లలు ఆవిడ మొహం వంక చూస్తున్నారు. ప్రతి ఆదివారం 'కాదు' అని చెప్పిన ఆంటీయే పుస్తకంలో 'అవును' అని రాశారు మరి.

పులిహోర ప్లేట్ల దగ్గర ఆవిడ నన్ను పట్టుకున్నారు.

"సార్, ఆఖరి పేజీ నాది కాదు."

"అవునా మేడమ్?"

"శీర్షిక గూడ నాది కాదు. ఎవరు రాసిన్రు?"

అప్పుడే ఒక నిమిషం. నా చేతిలో పులిహోర, ఆరడుగుల దూరంలో జాయింట్ సెక్రటరీ.

"ప్రెస్ వాడు వేరేదేదో కలిపేసి ఉంటాడు మేడమ్. వాళ్ళ సంగతి తెలిసిందే కదా. నేను కనుక్కుంటా."

ఆవిడ నా మొహంలోకి చూసి, "సరే, కనుక్కోన్రి," అని వెళ్ళిపోయారు.

అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక సంపాదకుడి తలతిక్క పని. ఆగలేదు. నెల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చారు. ఈసారి విషయం వేరు. ఇరవై ఏళ్ళ కిందట వదిలేసిన పరిశోధనను మళ్ళీ మొదలుపెట్టాలని ఆవిడ ఇక్కడొక విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసరుగారిని కలిశారు. ఆయనా తెలుగువారే. ఈమధ్య రాసినదేదైనా చూపించమన్నారు. ఇన్నేళ్ళలో అచ్చయింది మా సంచికలో వ్యాసం ఒక్కటే. చివరి పేజీ తనది కాదని చెప్పే ఆయన చేతికిచ్చారు.

"ప్రొఫెసర్ సార్ ఏమన్నరంటే, ఏడు పేజీలు చదివి తీసుకుందామనుకున్నరంట. మీ పేరు కిందున్న పేజీ మీది కాదని మీరంటె చాలదమ్మా, సంపాదకునితోని రెండు లైన్లు రాయించుక రమ్మన్నరు. నెలాఖరుకు లిస్టు పెడతరు. మీ పేరు గూడ రాయకున్రి. 'సంపాదకవర్గం చేర్చింది' అని రాయున్రి, చాలు."

నిజంగా రెండు లైన్లే. కాని ఆ రెండు లైన్లు తిరిగి తిరిగి జాయింట్ సెక్రటరీగారి చెవిన పడితే? పండితురాలి సాక్ష్యమని ఆయన అప్పటికే మూడు సభల్లో ఎత్తి చూపించిన పేజీ, తన కింది ఉద్యోగి వంటింటి తయారీ అని తెలిస్తే? నా రిపోర్టు ఆ నెలలోనే ఆయన బల్ల మీద ఉంది.

నేను ఆవిడ విన్నపాన్ని ఫైలులా నడిపాను. కాదు అనలేదు. మా శాఖలో ఎవరూ కాదు అనరు. మొదటిసారి, "కమిటీలో పెట్టాలి మేడమ్" అన్నాను. రెండోసారి, అధ్యక్షులవారు విజయవాడ వెళ్ళారన్నాను. వెళ్ళిన మాట నిజమే, కాని ఆయన ఫోను కూడా ఆయనతోనే వెళ్ళింది. మూడోసారి, లెటర్‌హెడ్లు అయిపోయాయన్నాను. అవి నా సొరుగులో కట్టగా ఉన్నాయి. మూడోసారి ఆవిడ లిఫ్టు దగ్గర నిలబడి, "రేపు ఆఖరు సార్," అన్నారు. "చూద్దాం మేడమ్, ఏదో ఒకటి చేద్దాం," అన్నాను. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

నెల దాటాక మా ఆవిడ కూరలు తరుగుతూ చెప్పింది. "టీచరుగారికి ఆ పీహెచ్‌డీ సీటు రాలేదటండీ. పాపం, ఎంత ఆశపడ్డారో."

"అయ్యో," అన్నాను నేను.

ఆ అయ్యోకు నన్ను ఎవరైనా ఆ క్షణాన చెంప మీద కొట్టాల్సింది. వంకాయలు తెగుతుండగా, నేను వార్తల ఛానల్ మార్చాను.

నా రిపోర్టు సంగతీ చెప్పేస్తాను. ప్రతి ఏడాదీ వచ్చే మార్కులే వచ్చాయి, ఒక్క చుక్క ఎక్కువ లేదు. కొన్నాళ్ళకు జాయింట్ సెక్రటరీగారు వేరే శాఖకు బదిలీ అయి వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో నా పేరు తప్పు పలికారు.

టీచరుగారు క్లాసు మానలేదు. ఎదురైతే నమస్తే అనేవారు. నేను మీటింగులు ఆదివారం పొద్దున పెట్టడం మొదలుపెట్టి, అమ్మాయిని తీసుకురావడానికి మా ఆవిణ్ణి పంపేవాణ్ణి. ఇలా రెండేళ్ళు లాగించాను. ఈ వేసవిలో మా అమ్మాయి బడిలో భాషల మీద మాట్లాడాల్సి వచ్చి, ఇంట్లో ఉన్న సంచిక తీసి ఆ చివరి పేజీనే నేర్చుకుంది. ముందుగా ఆదివారం క్లాసులో చదివి వినిపించింది. ఆవిడ మధ్యలోనే ఆపారట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నన్ను అడిగింది.

"పాపా, ఆంటీ బోలీ ఏ పేజ్ ఉన్‌కా నహీఁ హై."

"అవున్రా, ప్రెస్ వాడి పొరపాటు."

"ప్రెస్‌వాలే అంకుల్ కో తెలుగూ ఆతీ హై?"

"రాదు."

"తో ఫిర్ ఉన్హోనే లిఖా కైసే?"

తెలుగు రానివాడు ఎలా రాశాడన్న ఆ ప్రశ్నకు, పప్పు బావుందని మా ఆవిడతో అన్నాను. ఆ రోజు పప్పు లేదు, సాంబారు.

మరుసటి శనివారం మెట్రో ఎక్కి బేర్ సరాయ్ వెళ్ళాను. నిజం చెప్పడానికి బయల్దేరానని రాస్తే చదవడానికి బావుంటుంది. నేను వెళ్ళింది నా పాత మెయిలు ఆయన కంప్యూటర్లో ఇంకా ఉంటే తీసేయించడానికి. పుస్తకాల షాపులూ పరాఠా వాసనలూ దాటుకుని దుకాణంలోకి వెళ్ళగానే ఆయన లేచి కుర్చీ వేశాడు.

"ఆయియే సర్‌జీ! ఈ ఏడాది జలేబీ అప్పుడేనా?"

"లేదు భయ్యా. రెండేళ్ళ కిందటి సంచిక మెయిళ్ళు ఉన్నాయా అని..."

"ఆ చివరి పేజీదేనా?" అన్నాడాయన హిందీలో. "దాని కోసం మేడమ్ అప్పుడే వచ్చారు కదా. మీ ప్రోగ్రాము అయిన మూడో రోజున."

నేను కూర్చున్నాను.

"మేడమ్ బాగా కోపంగా వచ్చారు, సర్‌జీ. నువ్వే ఏదో కలిపావు అన్నారు. నేను చెప్పాను, మేడమ్, మీ జలేబీలో తల ఏదో తోక ఏదో నాకు తెలీదు. పదకొండు లైన్లు రాసేంత విద్య ఉంటే ఇక్కడ స్పైరల్ బైండింగ్ చేస్తానా? మీరే చూడండి అని మెయిలు తెరిచి చూపించా. మీ పేరుతో వచ్చింది. 'లాస్ట్ పేజ్ ఛేంజ్డ్, ఫైనల్' అని పైన మీరే రాశారు. ఆవిడ మొత్తం చదివారు. టీ తాగారు. ప్రింటు తీసి ఇమ్మంటారా అంటే వద్దన్నారు."

"ఎందుకు వద్దన్నారు?"

"ఆయనే చెప్తారులే అన్నారు."

అంటే లిఫ్టు దగ్గర, కమిటీ దగ్గర, లెటర్‌హెడ్ల దగ్గర, నేను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ ఆవిడ అబద్ధమని తెలిసే విన్నారు. "మీ పేరు గూడ రాయకున్రి" అన్నది తెలిసే అన్నారు. ఆ మెయిలు ప్రింటు తీసుకుని ప్రొఫెసరుగారి బల్ల మీద పెట్టి ఉంటే సీటు ఆవిడదే. నేను దొంగలా మెయిలు చెరిపించడానికి వచ్చి కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, రెండేళ్ళ కిందట ఆవిడ నా పరువు నాకే వదిలి వెళ్ళారు.

"డిలీట్ కర్‌నా హై క్యా, సర్‌జీ?" అన్నాడాయన.

"వద్దు. ఒక ప్రింటు తియ్యి."

ఇంటికొచ్చి సంఘం లెటర్‌హెడ్ తీసి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం ఇలా వచ్చింది: "ముద్రణ సమయంలో కొన్ని పంక్తులు అనుకోకుండా చేరినట్లు గమనించడమైనది." మా ఆవిడ టీ పెట్టి, భుజం మీదుగా చదివింది.

"ఎవరు గమనించారు? పంక్తులు వాటంతటవి నడిచొచ్చి చేరాయా?"

అప్పుడు మా ఆవిడకు మొత్తం చెప్పాను.

"ఆవిడ నాకు ఎన్నిసార్లు గోంగూర కట్టలు తెచ్చిచ్చారో తెలుసా మీకు?" అంది. "నేను సిగ్గులేకుండా తీసుకున్నా. మీరేమో తెలిసి కూడా తిన్నారు."

ఆ కాగితం చింపేసి ఇంకొకటి రాశాను. శీర్షిక, చివరి పదకొండు పంక్తులు నేను రాశానని, రచయిత్రికి తెలియకుండా రాశానని, ఆవిడ రాసిన ఎనిమిదో పేజీ నా దగ్గరే ఉందని, దాని నకలు జతపరుస్తున్నానని, రెండేళ్ళ కిందట ఈ ఉత్తరం అడిగితే కావాలనే ఇవ్వలేదని. సంతకం పెట్టి, మెయిలు ప్రింటుతో సహా ప్రొఫెసరుగారి విశ్వవిద్యాలయానికి వెళ్ళి చేతికిచ్చాను. ఆయన నా ముందే ఎనిమిదో పేజీ నకలు చదివారు.

"నేను ఇంకో మూడేళ్ళలో రిటైరవుతానండీ," అన్నారు. "విద్యార్థుల్ని తీసుకోవడం ఇదే ఆఖరిసారి. ఇంటర్వ్యూలు వచ్చే నెలలో. ఆవిణ్ణి అప్లై చెయ్యమనండి. వస్తుందని మాటివ్వను. ఈ పేజీ మాత్రం అడ్డం రాదు."

నన్ను కూర్చోమనలేదు. అనాల్సిన పనీ లేదు.

ఆ ఆదివారం ఉదయం మీటింగు పెట్టలేదు. టేబుల్ టెన్నిస్ గదికి వెళ్ళాను. తొమ్మిదిమంది పిల్లలు, మా అమ్మాయితో కలిపి. గుమ్మంలో ఆగకుండా లోపలికి నడిచి, ఉత్తరం నకలు ఆవిడకిచ్చి ప్రొఫెసరుగారు చెప్పింది చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"మెయిలు సంగతి మీకు మొదటే తెలుసు," అన్నాను. "ఆ ప్రింటు ఎందుకు వాడలేదు మేడమ్?"

"అది మీరు ఇంకొకరికి రాసుకున్నది. దాన్ని పట్టుకపోయి సీటు అడుగుడు నాకు మంచిగనిపించలె. మీరిస్తె పట్టుకపోదును." కాగితం మడిచి పుస్తకంలో పెట్టారు. "కోపం లేదనుకోకున్రి. రెండేండ్లు మస్తు కోపమున్నది. మా ఆయనతోని రోజు తిట్టిచ్చిన మిమ్ముల."

"మీకు క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"నాకొక్కదానికి కాదు. ఆ పుస్తకం వీళ్ళందరి ఇండ్లల్ల ఉన్నది. నేను ఆదివారం ఒకటి చెప్పి, ఉగాదికి ఇంకోటి రాసిన అనుకుంటున్నరు వీళ్ళు. వీళ్ళ ముందల చెప్పున్రి."

పిల్లలు బల్ల చుట్టూ చేరారు. ఒకడు నెట్టు పట్టుకుని వేలాడుతున్నాడు.

"అంకుల్, ఆప్‌నే ఝూఠ్ లిఖా థా?" అన్నాడు వాడు.

"హాఁ," అన్నాను. "ఆ అబద్ధం నేనే రాశాను."

"క్యూఁ?"

"మా బాస్‌కు నచ్చాలని."

"ఉన్‌కో అచ్ఛా లగా?"

"లగా."

"ఫిర్ ప్రమోషన్ మిలా?"

"లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. తల దించుకుని చీటీలు సర్దుతోంది. నేను ఆవిడ వైపు తిరిగాను. వెనక ఉన్నవాళ్ళతో సహా అందరికీ వినబడేంత గట్టిగా, ఆఫీసు మాటలేవీ కలపకుండా చెప్పాను.

"మేడమ్, ఆ చివరి పేజీ నేను రాశాను. మీ పేరు కింద పెట్టాను. మీరు అడిగినప్పుడు, తెలుగు రాని మనిషి మీద నెట్టాను. ఉత్తరం ఇవ్వకపోతే మీ సీటు పోతుందని నాకు తెలుసు, తెలిసే ఇవ్వలేదు. మీ రెండేళ్ళు నా వల్ల పోయాయి, అవి నేను తెచ్చివ్వలేను. నన్ను క్షమించండి."